మన్ను కడగని తుంగ

అప్పు తీర్చని తుంగతో అల్లిన చాప మీద చేసిన నమాజు అల్లాకు చేరుతుందా, చేరదా? ఈ సందేహం షరీఫా బీ మనసులో ఏళ్ళ తరబడి మెదులుతూనే ఉంది.

డబ్బు అప్పయితే మసీదులో పెద్దలను అడిగించి తేల్చుకునేది. ఇది గడ్డి అప్పు. ఎవరికైనా చెబితే నవ్వుతారు. ఒకసారి భర్త ఉస్మాన్ సాబ్‌ను అడిగింది. ఆయన గడ్డం సవరించుకుని, "ఇచ్చినామె అడిగిందా?" అన్నాడు.

"అడగలేదు."

"అడిగినప్పుడు సూద్దాంలే."

ఆ జవాబుకు ఆమె నోరు ఊరుకుంది గానీ మనసు ఊరుకోలేదు. సజ్దాలో నుదురు ఆనించిన ప్రతిసారీ చాపలోంచి తుంగ వాసన వచ్చేది. దాని వెంటే ఆ తుంగ ఇచ్చిన దేవక్క ముఖం వచ్చేది.

ఆదోని దిగువ చెరువుకు తూర్పు మూలన నీళ్ళు పలచగా పరుచుకుని నిలుస్తాయి. ఆ బురదలో తుంగ పెరుగుతుంది. దాన్ని కోసి, చీల్చి, ఎండబెట్టి చాపలు నేసే ఇళ్ళు షరీఫా బీ వీధిలో నాలుగైదు ఉన్నాయి. పెళ్ళికి పరిచే చాప, బాలింత పడుకునే చాప, నమాజు చాప, అన్నీ ఆ మూలనుంచి వచ్చేవే. డెబ్బై రెండు కరువులో చెరువు అడుగు పగుళ్ళు విచ్చింది. ఆకలికి పశువులు తుంగ దుబ్బుల్ని వేళ్ళతో సహా పీకి నమిలాయి. తర్వాత వానలు పడ్డాయి, చెరువు నిండింది, తుంగ మాత్రం లేవలేదు.

చాపకు పడుగు వేసే నూలు కోసం షరీఫా బీ ఎమ్మిగనూరు పోయేది. అక్కడి మగ్గాల దగ్గర మిగిలిపోయిన పోగులు చౌకగా ఇచ్చేవారు. అక్కడే దేవక్క పరిచయమైంది. ఎమ్మిగనూరు పక్క పల్లెలో మెట్టచేను చేసుకునే ఇల్లు వాళ్ళది. ఆ చేని పక్కనున్న చిన్న కుంటలో అంత కరువులోనూ గుప్పెడు తుంగ బతికి ఉంది. షరీఫా బీ గోడు విని, దేవక్క ఒక గోతాం నిండా దుబ్బులు పెళ్ళగించి ఇచ్చింది. "ఊరికే ఇస్తాండా అనుకోవద్దు. మా కుంట ఎండిన్నాడు నువ్వు నాకియ్యాల" అంది. ఆ గోతాంలోంచే చెరువు మూల మళ్ళీ పచ్చబడింది. తీర్చాలని షరీఫా బీ ప్రతి ఏడూ అనుకునేది. ఒక ఏడు కాన్పు, ఒక ఏడు జబ్బు, ఇంకో ఏడు ఊరికే.

ఎనభై మూడులో పీర్ల పండగ ఆఖరిరోజు చెరువు నిండా నీళ్ళున్నాయి. పీర్లను నీళ్ళకు తెచ్చే ఒడ్డు రెండు బండ్లు పక్కపక్కన పట్టనంత ఇరుకు. ఊరికి ఊరు వచ్చింది, తురకలూ వచ్చారు, పల్లెల రైతులూ వచ్చారు. వీధి పీరును ఎత్తుకున్న ఉస్మాన్ సాబ్ బురదలో జారాడు. పీరును నేలకు తగలనివ్వలేదు గానీ మోకాలు మెలిపడింది. ఆయన మీద ఇంకో పదిమంది పడ్డారు. ఆ రోజునుంచి ఆయన చేతికి కర్ర వచ్చింది.

చలి తగ్గాక ఒక ఉదయం అమానుల్లా వాళ్ళింటికి వచ్చాడు. పత్తి వ్యాపారి, చెరువు కమిటీకి పెద్ద. ఒడ్డు వెడల్పు చేస్తామని, వంక నుంచి ఇసుక తోలించి పరుస్తామని, సాయంత్రాలు ఆడవాళ్ళు పిల్లలతో కూర్చోను కూడా వీలుంటుందని చెప్పాడు. అంతా చెప్పి, చివర్న మెల్లగా, ఆ ఒడ్డు తూర్పు మూలను కలుపుకునే పోతుందన్నాడు.

షరీఫా బీ చాప నేస్తున్న చెయ్యి ఆపలేదు.

"నీ మొగుని మోకాలు సూసినాక నువ్వే వచ్చి అడుగుతావనుకుంటి షరీఫమ్మా" అన్నాడు అమానుల్లా.

"ఒడ్డు వద్దనలేదు సాబ్. ఒడ్డు కావాల. తుంగా కావాల."

"రెండూ ఒకే జాగాలో యట్ల కుదుర్తాయి?"

"కుదరవు. అందుకే ఇంకో జాగా సూపీండి అంటాండా."

మంచం మీదనుంచి ఉస్మాన్ సాబ్ అందుకున్నాడు. "మా ఆమె ఒకటి పట్టుకుంటే ఇడ్సదు సాబ్. ఉడుము నయం. మీరు టీ తాగి ఒప్పుకోండి."

అమానుల్లా నవ్వి టీ తాగాడు. చెరువు నిండితే నీళ్ళు పొర్లిపోయే మరవ ఒకటుంది. దాని కింద ఎవరూ దున్నని పల్లం ఉంది. అక్కడ చిన్న గట్టు వేయిస్తానని, తూము తీసి తడి పెట్టిస్తానని మాటిచ్చాడు. "ఇసుక పని పడమర నుంచి మొదలుపెడతాం. తూర్పు మూలకు వచ్చేసరికి ఎండలు ముదురుతాయి. ఆలోపల నీ తుంగను నువ్వు మార్సుకోవాల. మార్సుకోల్యాకపోతే మళ్ళా నన్ననొద్దు. పండగకు ఒడ్డు సిద్ధం కావాల."

ఆయన పోయాక ఆమె చాలాసేపు ఆలోచించింది. ఊరందరి మేలు ఒక పక్క, నాలుగిళ్ళ కూడు ఒక పక్క. ఇందులో తప్పు ఎవరిది? ఎవరిదీ కాదు. మనుషులకు కొత్త జాగా చూపిస్తారు సరే, ఆ తుంగలో గుడ్లు పెట్టే నీటికోళ్ళకు ఎవరు చూపిస్తారు? నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు. మనం చేయగలిగింది పల్లం చూపించడమే అనుకుంది.

మరుసటి వారమే వీధిలోని ఆడవాళ్ళను వెంటబెట్టుకుని మూలలో దిగింది. బలమైన దుబ్బుల్ని ఏరి సగం దాకా పెళ్ళగించారు. ఆ మూలలో ఊరి మురుగు కూడా వచ్చి కలుస్తుంది, బురద నల్లగా కంపు కొడుతుంది. షరీఫా బీకి అది మనసొప్పలేదు. "నమాజు చాపలయ్యే తుంగ. కొత్త జాగాకు పాక్‌గా, శుభ్రంగా పోవాల" అని, నమాజుకు ముందు వజూకు కాళ్ళూ చేతులూ కడుక్కున్నంత శ్రద్ధగా ఒక్కొక్క దుబ్బునూ మంచినీళ్ళలో కడిగింది. వేళ్ళు తెల్లగా, ముచ్చటగా మెరిశాయి. బిస్మిల్లా చెప్పి మరవ కింద ఎర్రగరుసు నేలలో వరసగా నాటించింది.

ఇరవై రోజులు తిరిగేసరికి అన్నీ పండుబారాయి. పట్టి లాగితే చేతికి వచ్చేశాయి. వేళ్ళు పేగుల్లా కుళ్ళి ఉన్నాయి.

"నీ మాట నమ్మి నా చేతులకు బొబ్బలు లేసినాయి" అంది పక్కింటి జొహరాబీ. "కడిగి కడిగి దాని ప్రాణమే కడిగేస్తివి."

సగం మూల పోయింది. మిగిలినవి బక్క దుబ్బులు, వాటి మీద షరీఫా బీకి నమ్మకం చాలలేదు. పడమర నుంచి తెల్లటి ఇసుక రోజురోజుకూ దగ్గరికి జరుగుతోంది. ఇక మంచి దుబ్బులు దొరికే చోటు ఆమెకు ఒక్కటే తెలుసు. తీర్చని అప్పున్న గుమ్మంలోకి మళ్ళీ చెయ్యి చాపుకుని పోవాలి. రాత్రంతా ఆలోచించి, తెల్లవారి మొదటి బస్సెక్కింది.

దేవక్క వాకిట్లో శెనిక్కాయలు ఒలుస్తోంది. తలెత్తి చూసి, గుర్తుపట్టి, చేట పక్కన పెట్టింది.

"రా షరీపా. బాకీ తీర్సేకి వచ్చినావా, ఇంకో బాకీ సేసేకి వచ్చినావా?"

"సేసేకే వచ్చినా దేవక్కా. సిగ్గిడ్సి వచ్చినా."

"ఈడ ఏముంది ఇచ్చేకి?" దేవక్క గడ్డంతో చేని వైపు చూపించింది. కుంట ఉండాల్సిన చోట చేను చదునుగా ఉంది. "పూడిపోయి ఎండిపోయ. మా మరిది మూడేండ్ల కిందట దున్నేసినాడు. నావి నీ కాడ ఉన్నాయి గదా, ఎన్నడో ఒకనాడు తెస్తుందిలే అనుకుంటాంటి."

షరీఫా బీ అరుగు మీద కూర్చుని జరిగిందంతా చెప్పింది. దేవక్క చేట మళ్ళీ ముందుకు లాక్కుని, శెనిక్కాయలు ఒలుస్తూ వింది.

"నేనిచ్చిన గోతాం యట్లుండె?"

"బరువు. బురద కారుతాంటే కండక్టరు తిట్టె."

"ఆ బురద నేనెందుకు పెట్టిస్తి? దులిపేకి నాకు చేతులు ల్యాకనా? పెండ్లయిన పిల్లను అత్తగారింటికి తోలేటప్పుడు తోడు ఒక పెద్ద ముత్తైదువ పోదా? మీలో పోదా?"

"పోతుంది."

"తుంగకు దాని బురదే తోడు. నువ్వు పిల్లకు స్నానం సేయించి, ఒంటిగా తోలితివి."

ఆ మాట షరీఫా బీ బస్సులో దారి పొడుగునా మననం చేసుకుంటూ వచ్చింది. తనకు కంపు అనిపించింది దానికి పుట్టిల్లు. తనకు శుభ్రం అనిపించింది దానికి చావు. దేవుడు బురదలో ప్రాణం పెడితే, దాన్ని మైల అనడానికి తనెవరు?

ఇప్పుడు మిగిలిన సగం మూలే దిక్కు. తుంగ ఒక్కటే పోతే చాలదు, ఆ నల్లబురద కూడా మరవ కిందికి పోవాలి. గంపలతో అయ్యే పని కాదు. చెరువుగట్టు మీద నిలబడి చూసింది. వంక నుంచి ఇసుక బండ్లు వరసగా వస్తున్నాయి. ఇసుక దించి, వట్టి బండ్లు మరవ దారినే తిరిగి పోతున్నాయి.

ముందు బండి బసప్పది. ఆమె దారికి అడ్డంగా నిలబడింది.

"బసప్పా, పోయేటప్పుడు వట్టిబండే గదా?"

"వట్టిది గాక, నిండుగా తోలేకి నేనేమన్నా పిచ్చోడినా? ఎద్దులు ఆ కాస్త దూరం ఊపిరి తీసుకుంటాయి."

"బురద ఏసుకోని మరవ కాడ దించిపో."

బసప్ప ముక్కు మూసుకున్నాడు. "ఆ బండిలోనే మళ్ళా ఇసుక తెస్తే అమానుల్లా సాబ్ నా నెత్తిన పోస్తాడమ్మా. ఆయనకు తెల్లగుండాలంట."

"మరవ కాడ నీళ్ళున్నాయి. ప్రతి తూరీ బండి మేమే కడుగుతాం."

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు."

"తుంగ కడిగి సెడగొట్టుకున్నా. బండి కడిగి బాగుసేసుకుంటా."

బసప్ప నవ్వాడు. గట్టు మీద కర్ర ఆనించుకుని కూర్చున్న ఉస్మాన్ సాబ్ వైపు చూశాడు. ప్రతి ఏడూ పీరుకు మలీదా చెల్లించే మొక్కు వాళ్ళింట్లో తాతలనాటిది. "పీరును మోసే అయ్య ఇంటామె అడిగితే కాదని యాడికి పోయేది? అర బండే ఏస్తా. ఎద్దులు మొరాయిస్తే మాత్రం నువ్వే కాడి మోయాల."

"మోస్తా. ఎద్దులకంటే నాకు కొమ్ములే తక్కువ."

బసప్ప ఒప్పుకున్నాక మిగతా బండ్లవాళ్ళు ఒప్పుకున్నారు. అమానుల్లా మాత్రం వచ్చి కసురుకున్నాడు. బురద ఎత్తుతూ కూర్చుంటే పని వెనకబడుతుందన్నాడు.

షరీఫా బీ మోకాలి లోతు బురదలోంచే జవాబు చెప్పింది. "ఈ మెత్తటి దాని మీద ఇసుక పోస్తే ఎన్నాళ్ళు నిలుస్తుంది సాబ్? జనం తొక్కితే కుంగుతుంది. మళ్ళా ఎవురో ఒకరి మోకాలు పోతుంది. బురద తీసి పోయండి, ఒడ్డు గట్టిగుంటుంది. కూలి ల్యాకుండా మేం తీస్తాండాం గదా."

అమానుల్లా కాసేపు గట్టు మీద అటూ ఇటూ తిరిగాడు. "ఓవర్సీరూ అదే అనె. కూలి ఎక్కువని నేనే వద్దంటి" అన్నాడు కడకు. "పండగకు మాత్రం ఆలస్యం కాకూడదు."

"కాదు."

ఆ ఎండాకాలమంతా ఇసుక వస్తూ, బురద పోతూ గడిచింది. జొహరాబీ సణుగుతూనే రోజూ అందరికంటే ముందు వచ్చేది. బండ్లు కడిగి కడిగి ఆడవాళ్ళ వేళ్ళు నానిపోయాయి. మరవ కింద ఎర్రనేల మీద నల్లబురద జానెడు మందాన పరుచుకుంది. దుబ్బుల్ని ఈసారి మన్నుతోనే, ఎక్కడ ఉన్నది అక్కడ కదలకుండా, పసిబిడ్డను ఎత్తినట్టు రెండు చేతులా ఎత్తి దించారు. మధ్యాహ్నం జొహర్ నమాజు వేళకు షరీఫా బీ ఒక్కతే ఒడ్డుకు వచ్చి, తన ఒంటి బురద కడుక్కుని, పాత చాప పరుచుకునేది.

వానలు పడ్డాయి. మరవ కింది మడుగులో నీళ్ళు నిలిచిన పదో రోజున నీటి పైకి పచ్చటి మొనలు కనిపించాయి. ఆమె ఎవరికీ చెప్పలేదు, దిష్టి తగులుతుందని. ఇంకొన్నాళ్ళకు నీటికోడి ఒకటి పిల్లల్ని వెంటేసుకుని ఆ తుంగలోంచి బయటికి వచ్చినప్పుడు మాత్రం జొహరాబీని పిలిచి చూపించింది.

ఆ ఏడు పండగకు తెల్లటి ఒడ్డు వెడల్పుగా సిద్ధమైంది. ఉస్మాన్ సాబ్ కర్ర పక్కన పెట్టి, పీరును ఎత్తుకుని, కుంటుకుంటూనే నీళ్ళ దాకా నడిచాడు. ఆయన కాలు జారలేదు, కాలి కింద నేలా కుంగలేదు.

ఎమ్మిగనూరు జాతర నాటికి కొత్త తుంగ కోతకు వచ్చింది. జాతరకు చాపలు అమ్ముకునేందుకు పోతూ షరీఫా బీ ఒక గోతాం కూడా ఎక్కించింది. దాన్నుంచి నల్లటి నీళ్ళు బస్సులో పారాయి.

"ఏందమ్మా ఇది, చెరువుకు చెరువే మూట కట్టినావా?" అన్నాడు కండక్టరు.

"ఇచ్చినామెకు తిరిగిస్తాండా నాయనా. నువ్వు తిట్టుకో. ఇచ్చిన్నాడూ తిట్టిరి."

దేవక్క గోతాం మూతి విప్పి లోపల చెయ్యి పెట్టింది. పిడికెడు బురద తీసి, వేళ్ళ మధ్య పిసికి చూసింది. ఇంటి వెనకాల ఊరి బోరింగు నీళ్ళు పారి నిలిచే చిన్న గుంట ఒకటుంది. "మా మరిది నాగలి రానిది ఇదొక్కటే" అంటూ కొంగు బిగించి దిగింది. షరీఫా బీ కూడా దిగింది. ఇద్దరూ దుబ్బుల్ని ఒక్కొక్కటిగా దించి, చుట్టూ మన్ను నొక్కారు.

పనయ్యాక దేవక్క వట్టి గోతాం దులిపి, మడిచి, ఆమె చేతికిచ్చింది. "తీస్కపో, మళ్ళా పనికొస్తుంది."

షరీఫా బీ పుచ్చుకోలేదు.

"గోతాం కూడా నీదే దేవక్కా. ఆపొద్దు నువ్విచ్చిందే."

దేవక్క దాన్ని విప్పి, మూలనున్న పాత మాసికను వేలితో తడిమి చూసి, చంకన పెట్టుకుంది.