ఆకుకూర సంసాలు

రక్తపరీక్ష కాగితం చేతికిస్తూ నర్సు పకపక నవ్వింది. "ఇంట్లో ఆకు ముట్టనివ్వడం లేదంటావు. అయితే మీ ఆయన బయటెక్కడో మేస్తున్నాడక్కా!"

మవ్లూదాకు నవ్వు రాలేదు. భర్త హిక్మత్ గుండెలో లోహపు కవాటం అమర్చి మూడు నెలలైంది. రక్తం గడ్డకట్టకుండా రోజూ మాత్ర వేస్తోంది; ఆకుకూర ఎక్కువైతే ఆ మాత్ర పట్టు తగ్గుతుంది. పరీక్షలో అంకె రెండున్నర కన్నా తగ్గితే కవాటం దగ్గర గడ్డ కట్టి ప్రాణం మీదికొస్తుంది. ఇవాళ ఒకటీ ముప్పావు.

"ఆకుకూర విషం కాదమ్మా," అంది డాక్టరమ్మ. "ఓ రోజు గంపెడు, ఓ రోజు సున్నా తింటేనే ముప్పు. రోజూ ఒకే కొలత తింటే దానికి తగ్గట్టు మాత్ర నేను సరిచేస్తాను. ఎక్కడ తింటున్నాడో ముందు కనుక్కో."

ఎక్కడ కాదు, ఎవరి చేత్తో? అదే ఆమెను దహించింది.

మర్నాడు అతని వెనకే నడిచింది. మార్గిలాన్ ఊరి పట్టు బజారు దాటి అతను దూరిన ఇల్లు చూసి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. అది చనిపోయిన మొదటి భార్య మునీసా పుట్టిల్లు. బతికున్న ఆడదైతే జుట్టు పట్టుకునేది. పోయినదానితో ఎలా పోట్లాడుతుంది?

పెరట్లో మునీసా తల్లి సలోమత్ అవ్వ తందూరులోంచి సంసాలు, ఆకుకూర కూరి కాల్చిన సమోసాల్లాంటివి, తీస్తోంది. హిక్మత్ నాలుగోది కొరుకుతున్నాడు. పుదీనా, పాలకూర వాసన గుప్పుమంది.

"అచ్చం మునీసా చేసినట్టే ఉన్నాయమ్మా."

"తినండి, తినండి!" మవ్లూదా పెరట్లోకి దూసుకొచ్చింది. "మీరు బతకాలని నేను మాత్రలు వేస్తుంటే, మీరేమో ఆవిడ దగ్గరికే ప్రయాణం కట్టారు!"

సంగతి విని అవ్వ అతని వైపు తిరిగింది. "నాకు చెప్పలేదేంరా?"

"చెబితే పెట్టవుగా."

అవ్వ పళ్లెం లాగేసుకుంది. "ఇంక ఈ గడప తొక్కకు, నాయనా."

మవ్లూదా ఊరుకుంటే చాలు, అతనిక తనవాడే. కానీ అవ్వ ఆ పళ్లేన్ని గుండెకు హత్తుకునే ఉంది. కూతురి పేరు చెప్పుకోవడానికి ఆవిడకి మిగిలింది ఈ ఒక్కడే.

"రోజుకు రెండు పెట్టండి," అంది కటువుగా. "ఒకటి ఎక్కువొద్దు, తక్కువొద్దు. డాక్టరమ్మకు నేను చెబుతాను. ఈ ఆకుకూర కాలం అయిపోయే ముందు మాత్రం నాకు చెప్పండి, మాత్ర మార్పించాలి."

"నువ్వూ కూర్చో తల్లీ." అవ్వ జరిగి చోటిచ్చింది.

మవ్లూదా ఒకటి కొరికింది. తను చేసే వాటికన్నా బాగుంది. ఒళ్లు మండిపోయింది.

"ఉప్పు తక్కువ," అంది.