రోజు మార్చి రోజు

వేళ్లకు బూడిద రాసుకుని, మగ్గం మీది పాత పడుగులో నిలువుపోగు కొసను కొత్త పడుగు పోగుతో కలిపి మెలివేశాడు మార్కండేయులు. మెలి పడింది. మరో పోగు. ఇంకా మూడు వేలకు పైనే ఉన్నాయి. ధర్మవరంలో ఏ మగ్గం మీద పడుగు అయిపోయినా అతకడానికి అతన్ని పిలుస్తారు. ముప్పై ఎనిమిదేళ్లుగా అదే పని. నేసినవాడి పేరు షావుకారుకైనా తెలుస్తుంది. అతికినవాడు ఎవరికీ గుర్తుండడు. చూపుడువేలి కొస అరిగి, గీతలన్నీ పోయి నున్నబడింది. రేషను మిషను కూడా ఆ వేలిని గుర్తుపట్టదు.

ఈరోజు వెంకటస్వామి మగ్గం. చిన్నప్పటి స్నేహితుడు. ఎదురుగా కూర్చుని కొత్త పోగులు విడదీసి అందిస్తున్నాడు. పక్కన అతని భార్య ప్రమీల రాట్నం మీద కండెలు చుడుతోంది.

పదింటికి ప్రమీల ఉగ్గాని పెట్టింది. తినేసి, మార్కండేయులు జేబులోంచి రెండు మాత్రలు తీశాడు. ఒకటి బీపీకి, ఒకటి కొలెస్ట్రాల్‌కు. రెండూ నోట్లో వేసుకుని నీళ్లు తాగాడు.

వెంకటస్వామి కళ్లప్పగించి చూశాడు.

“ఏమప్పా, రెండూ ఒగేసారి మింగితివే?”

“దినామూ అంతే.”

“కలిపి మింగితే గుండె తట్టుకోదని నువ్వే గదప్పా చెప్తివి? ఉగాది ముందర, టీ అంగడి కాడ. అప్పట్నుంచి ఒగనాడు బీపీది, ఒగనాడు కొవ్వుది మింగుతాండా.”

ఆ మాట మార్కండేయులే అన్నాడు. ఎవరో అంటే విని, టీ తాగుతూ ఊసుపోక అన్నాడు. ఆ మరుసటి వారమే కూతురు హేమావతి పెనుకొండలో డాక్టరుకు చూపించింది. “నీకు రాసిన రెండూ కలిపి వేసుకోవచ్చు పెద్దాయనా. అడక్కుండా ఏదీ మానొద్దు” అంది డాక్టరమ్మ. తాను దిద్దుకున్నాడు. వెంకటస్వామికి చెప్పడం మరిచాడు. ఎనిమిది నెలలు.

“తప్పు చెప్పినానప్పా. లెయ్, ఇప్పుడే ఆస్పత్రికి పోదాం.”

“ఈ పడుగు కానీలే, సాయంత్రం పోదాం. నాకేమైండాది? గుండ్రాయి మాదిరి ఉండా.”

“ఇద్దరూ డాక్టర్లే” అని ప్రమీల నవ్వింది.

మళ్లీ కూర్చున్నారు. మార్కండేయులు చేతిలో రెండుసార్లు పోగు తెగింది. అలా తెగి ఎన్నేళ్లయిందో.

మూడింటప్పుడు చెయ్యి చాపాడు. పోగు రాలేదు.

“అందియ్యప్పా” అన్నాడు, తలెత్తకుండానే.

రాలేదు. తలెత్తి చూశాడు. వెంకటస్వామి మగ్గం గుంజకు చెంప ఆనించి ఉన్నాడు, కునుకు పట్టినట్టు. వేళ్ల మధ్య పోగు అలాగే ఉంది. ప్రమీల రాట్నం ఇంకా తిరుగుతోంది.

ఆటోలో వేసుకుని పరుగెత్తారు. డాక్టరు నాడి చూసి తల అడ్డంగా ఊపాడు. గుండె అప్పటికే ఆగిపోయిందన్నాడు.

“మాత్రలు రోజు మార్చి రోజు మింగినాడు సార్. దాంతోనేనా?” అడిగాడు మార్కండేయులు.

“అదేనని చెప్పలేం. కాదనీ చెప్పలేం.”

ప్రమీల ఏడుపు ఆపి మార్కండేయులు వైపు చూసింది. ఒక్కసారే.

శవంతో తిరిగి వచ్చేసరికి వాకిట్లో జనం. మోసుకుని లోపలికి పోబోతూ మార్కండేయులు గడప దగ్గర ఆగిపోయాడు. వెంకటస్వామి చెప్పులు పక్కపక్కన పెట్టి ఉన్నాయి. కుడిదాని తెగిన వారుకు ఊదారంగు పట్టుపోగు నాలుగు చుట్లు చుట్టి, ఇంకా ఎన్నాళ్లో తొడుక్కోవాలన్నట్టు గట్టిగా ముడివేసి ఉంది.