చెప్పకుండా తెంచుకున్నందుకు

కౌన్సిలరమ్మ మంచి మనిషే. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ననకండి. ఫోను పిచ్చిలో పడి తిండీ నిద్రా మానేసిన పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టి, మాటల్తోనే దారికి తెచ్చేది. కాకపోతే ఆవిడకో పద్ధతుంది. ఆ కౌన్సెలింగ్ కోర్సు చివరి రోజున ప్రతి ఒక్కరూ అందరి ముందూ తమ ఆన్‌లైన్ ఖాతా తుడిచేయాలి. అవతలివాళ్లకి ఒక్క ముక్క కూడా చెప్పకూడదు. "వెళ్లొస్తానని మొదలెడితే ఎప్పటికీ తెమలదు. టక్కున తెంచేయండి," అనేది. తెంచగానే చప్పట్లు! ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడమంటే ఇదే. ఆ చప్పట్లలో అవతలివాళ్ల సంగతి ఎవరికి తడుతుంది చెప్పండి?

పిచ్చుక అనే పిల్ల కూడా అలాగే తుడిచేసింది. ఆన్‌లైన్లో ఆ పిల్ల పెట్టుకున్న పేరది, గ్రూపులో కూడా అందరూ అలాగే పిలిచేవాళ్లు. తర్వాత మార్కులు పెరిగాయి. ఇంట్లో అందరితో కలిసి భోంచేస్తోంది. వాళ్లమ్మ మురిసి ముక్కలైపోయింది. అందుకే కొత్త బ్యాచికి నాలుగు మంచి మాటలు చెప్పమని కౌన్సిలరమ్మ ఆ పిల్లని పిలిపించింది.

పిచ్చుక వచ్చి కూర్చుంది. పక్క కుర్చీ మీద చెయ్యేసి, ఎవర్నీ కూర్చోనివ్వలేదు.

"ఎవరైనా వస్తారా అమ్మా?" అంది కౌన్సిలరమ్మ.

"ఉడత. వచ్చేసింది మేడమ్."

కొత్త పిల్లలు నవ్వబోయి, ఆ పిల్ల మొహం చూసి ఆగిపోయారు. కౌన్సిలరమ్మ గబగబా తన గదిలోకి తీసుకెళ్లి తలుపేసింది.

"ఉడత అంటే నా ఫ్రెండు మేడమ్. ఆన్‌లైన్లోనే. ఏ ఊరో తెలీదు, మొహం తెలీదు. రోజూ సాయంత్రం 'ఉన్నావా?' అని అడిగేది. 'ఉన్నా' అనేదాన్ని. ఆ మాట కోసమే బతికున్నానని ఒకసారి ఏడ్చింది. ఉత్తినే అనే రకం కాదు మేడమ్ అది. ఇప్పుడు స్నానం చేస్తుంటే తలుపవతల నిలబడుతుంది, చదువుకుంటుంటే వీపు వెనకాల. 'ఉన్నావా?' అంటుంది. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు."

"మరి ఇంత సంగతి నాకెందుకు చెప్పలేదే తల్లీ?"

"చూడనివాళ్లు స్నేహితులు కారని మీరే అన్నారుగా."

ఆ సాయంత్రం కౌన్సిలరమ్మ ఖాళీ వరండాలో నడుస్తుంటే వెనకాల ఎవరో పిలిచినట్టయింది. చదువుకున్న మనిషి, ఇలాంటివి నమ్మదు. అయినా తిరిగి చూసింది. ఒక పిల్లని నా చేతులారా పోగొట్టానా అనుకుంది. ఇంటికెళ్లి ముద్ద ముట్టలేదు.

మర్నాడు ఆవిడే పిచ్చుకని పిలిచి తన ఫోను చేతికిచ్చింది. తుడిచిన ఖాతా తిరిగి రాదు, అందుకే కదా తన పద్ధతి గట్టిదని ఆవిడ గొప్పలు పోయింది! పిచ్చుక పేరుతోనే కొత్త ఖాతా తెరిచారు. వెతగ్గా వెతగ్గా ఉడత పేజీ దొరికింది. పిచ్చుక తుడిచేసిన వారం నుంచి అందులో ఒక్క ముక్క కూడా లేదు.

"ఉడతా, నేనే. ఉన్నావా?" అని పంపింది పిచ్చుక. ఇద్దరూ తెర వంక చూస్తూ కూర్చున్నారు. బయట పిల్లలు కుర్చీలు లాగుతున్న చప్పుడు. మధ్యాహ్నం దాటింది.

జవాబొచ్చింది.

"సిగ్గు లేదా? ఆ పేరు పెట్టుకుని ఇదివరకే ఇద్దరొచ్చి నాతో ఆడుకున్నారు. పిచ్చుక చచ్చిపోయింది. నాతో ఒక్క మాటైనా చెప్పకుండా వెళ్లే పిల్ల కాదది. నేను దానికోసం ఎంత ఏడ్చానో నీకేం తెలుసు? పోయినవాళ్ల పేరుతో ఆటలా?"

పిచ్చుక వేళ్లు పరిగెత్తాయి. తామిద్దరికే తెలిసిన సంగతేదో రాస్తోంది. సగంలోనే పేజీ మాయమైంది. అవతల ఉడత బ్లాక్ చేసేసింది.

"ఇంకో ఖాతా తెరుద్దాం," అంది కౌన్సిలరమ్మ.

"వద్దు మేడమ్. ఇంకో దెయ్యం వచ్చిందనుకుంటుంది." పిచ్చుక నవ్వుతోందో ఏడుస్తోందో తెలీడం లేదు. ఫోను బల్ల మీద పెట్టేసింది. "అది బతికే ఉంది మేడమ్. నేనే పోయాను."