చుక్కాని అనే పిల్ల

పెద్ద వరద వచ్చి ఇరవై రెండేళ్లు నిండిన ఏడు ఇది జరిగింది. నేను పడవలు కట్టేవాణ్ణి. మూడేళ్లే బడికి వెళ్లాను. మాటల్లోనూ పొదుపే. వెనకాల "మూగమేస్త్రి" అనేవారు.

ఒక సాయంత్రం మా పక్కింటి దర్జీ ఆవిడ కూతురు నా పడవల షెడ్డులోకి వచ్చింది. దాని పేరు చుక్కాని. పడవ వెనక ఉండి దారి తిప్పే చెక్క పేరే.

"మావయ్యా, సోమవారం బళ్లో టీచరుగా చేరాలి. రేపెళ్లి పేరు మార్పించుకుంటా."

"ఎందుకే?"

"ఎందుకేమిటి! కాలేజీలో 'కుడికా, ఎడమకా?' అని ఏడిపించారు. పిల్లలు ఊరుకుంటారా? అందరికీ పువ్వుల పేర్లు, నాకేమో చెక్క పేరు! ఎందుకు పెట్టావే అంటే అమ్మ 'మేస్త్రిగారినడుగు' అంటుంది. నీకేం తెలుసు?"

నేను చెక్కని నున్నగా చిత్రిక పడుతూనే ఉన్నాను. అది విసుక్కుని లేచింది. అప్పుడు ఆపాను.

"కూర్చో. మా నాన్న పెట్టిన పద్ధతి ఒకటుంది. పడవ నీళ్లలో దిగే రోజునే చుక్కాని బిగించాలి. అప్పుడు కొత్త పడవ ఒకటి మర్నాడు దింపాలి. వరదేమో ఒక రోజు ముందొచ్చింది. నీళ్లు గడప తాకాయి. 'చుక్కాని బిగించెయ్ అన్నయ్యా' అంది మీ అమ్మ. 'దింపేది రేపు కదా' అన్నాను. గంటలో పడవ దానంతటదే తేలింది. ఏడుగురం ఎక్కాం. చుక్కాని అటక మీదే ఉండిపోయింది."

"మరి పడవ ఎవరు తిప్పారు?"

"మీ అమ్మే. నిండు నెలలు. బట్టలు కత్తిరించే బల్ల పైచెక్క పట్టుకుని వెనక కూర్చుంది. చెట్లు తప్పించింది, కరెంటు స్తంభాలు తప్పించింది. నొప్పులు మొదలయ్యాయి. నేను పట్టుకుంటానంటే 'నువ్వు తెడ్డెయ్, చాలు' అని కసిరింది. మెరక మీదున్న గోదాము మెట్లు తగిలాకే చెక్క వదిలింది. ఆ మెట్ల మీదే నువ్వు పుట్టావు. పేరేమిటని మంత్రసాని అడిగితే, మీ అమ్మ నా మొహం చూసి 'చుక్కాని' అంది."

"ఇందులో దాచడానికేముంది?"

"నా తప్పుంది."

"అయితే నిన్ను ఎత్తిపొడవడానికి పెట్టిందా, తన గొప్ప చెప్పుకోడానికా?"

"తెలీదు. అడగలేదు."

"ఇరవై రెండేళ్లుగానా! మూగమేస్త్రి అని ఊరికే అనలేదు." తల కొట్టుకుంటూ వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే అటక మీంచి ఆ చుక్కాని దించాను. దుమ్ము దులిపి, భుజాన వేసుకుని పక్కింటికి వెళ్లాను. పిల్ల దరఖాస్తు పట్టుకుని చెప్పులు వేసుకుంటోంది. తల్లి మిషను దగ్గరుంది.

"చెల్లెమ్మా, ఆ పేరెందుకు పెట్టావు?"

ఆవిడ మిషను ఆపింది.

"ఇప్పటికి అడిగావా అన్నయ్యా! ఆ రోజు పొద్దుట్నించీ 'చుక్కాని, చుక్కాని' అనే అరిచాను. పిల్ల పుట్టేసరికి నోట్లో వేరే మాట లేదు."

పిల్ల పడీ పడీ నవ్వింది. చెప్పులు విప్పేసి, దరఖాస్తు మడిచి మిషను కింద పడేసింది. నేను వాళ్ల గుమ్మం పక్క గోడకి రెండు మేకులు కొట్టి, చుక్కాని తగిలించి వచ్చాను.