దీవించిన అప్లికేషను

వరాహ నది పొంగి, గట్టు దాటి బలిఘట్టం రోడ్డు ఎక్కిన ఏడు అది. మా అమ్మాయి కరుణకుమారి ఇంటరు ఫస్టు క్లాసులో పాసయిన ఏడు కూడా అదే. మా పేటలో మాత్రం వరద ఏడు అంటేనే తెలుస్తుంది.

నేను నర్సీపట్నంలో తాపీ మేస్త్రీని. మూడో తరగతితో బడి మానేశాను. తెలుగు కూడబలుక్కుని చదువుతాను, ఇంగ్లీషు రాదు.

విశాఖపట్నంలో బీయస్సీ చదవాలని కరుణ కోరిక. యూనివర్సిటీకి అప్లికేషను పెట్టాలి. సీటు వస్తే హాస్టలు ఖర్చు మా చర్చి మిషను వాళ్లు పెట్టుకుంటామన్నారు. అలా ఏటా ఒక్క పిల్లకే ఇస్తారు, అదీ ఆ ఏడు పాసయిన పిల్లకే. ఇది తప్పితే మళ్లీ లేదు. ఆ సంగతి మా ఇంట్లో ముగ్గురికీ తెలుసు.

అప్లికేషను చేతికి వచ్చేసరికే ఆలస్యమైంది. కరుణ రెండు రోజులు కూర్చుని నింపింది. శనివారం సాయంత్రం ఆసుపత్రి డాక్టరు గారి దగ్గర అటెస్టేషను చేయించుకుని వచ్చింది. ఆఖరి తేదీ సోమవారం.

"సోమారం పొద్దున్నే పోస్టాఫీసు తెరవగానే రిజిస్టరు సేసేద్దాం నాన్నా," అంది.

"రేపు బల్ల మీద పెట్టాలి కదమ్మా," అన్నాను.

"పెడదాం. పెట్టినాకే పోస్టు సేద్దాం."

"బల్ల మీద పెట్టింది పోస్టులో ఎలాగేస్తాం?"

మా చర్చిలో అదొక పద్ధతి. తొలి పంట కంకులు గాని, తొలి జీతం గాని, పెళ్లి శుభలేఖ గాని, ఆదివారం ఆరాధనలో బల్ల మీద పెడతాం. పాస్టరు గారు చెయ్యి ఉంచి ప్రార్థన చేస్తారు. అలా దీవించినదాన్ని ఇంటివాళ్లే తీసుకెళ్లి చేర్చవలసిన చోట చేర్చాలి. మధ్యలో పరాయి చెయ్యి పడకూడదు. ఇది బైబిల్లో ఎక్కడుందో నాకు తెలియదు. మా తాత అలాగే చేశాడు, మా నాన్న అలాగే చేశాడు. కరుణ పరీక్షల హాల్ టిక్కెట్టు కూడా పెట్టాం, పిల్ల ఫస్టు క్లాసులో పాసయింది. ఇంక నాకు అనుమానం ఏముంటుంది?

ఆదివారం చర్చికి వెళ్తుంటే పక్కింటి జోగులు అరుగు మీద నుంచి కేకేశాడు.

"ఏటి మేస్త్రీ, డాక్టరు సంతకం సాలదా? దేవుడి సేత కూడా అటెస్టేషను సేయిస్తన్నావా?"

"నీ కొడుకు టెన్తుకి మూడోసారి కడుతున్నాడు గదా, తెచ్చి ఆడి కాగితం కూడా పెట్టు బాబూ," అంది నా భార్య సువర్ణమ్మ. కరుణ నవ్వింది. దారంతా నవ్వుతూనే వచ్చింది.

పాస్టరు ప్రేమరాజు గారు అప్లికేషను కవరు మీద చెయ్యి పెట్టి చాలాసేపు ప్రార్థన చేశారు. బయటికొచ్చేసరికి వాన మొదలయింది. సోమవారం తెల్లారినా తగ్గలేదు.

కరుణ గొడుగు పట్టుకుని నాతో బస్టాండు దాకా వచ్చింది. దారిలోనే పోస్టాఫీసు. దాని ముందు ఆగిపోయింది.

"నాన్నా, ఇక్కడేసెయ్. ఇయ్యాల పోస్టు ముద్ర పడితే సాలని అప్లికేషనులో రాసుంది. పొద్దున్న కూడా సెప్పాను."

"నా సేత్తో ఇచ్చేస్తానమ్మా. సాయంత్రానికి వచ్చేస్తాను."

"గెడ్డలు పొంగుతున్నాయంట."

"బస్సు ఉంది కదా," అన్నాను. నడుస్తూనే అన్నాను. ఆగలేదు.

బస్సు సగం దారిలో ఆగిపోయింది. ముందు గెడ్డ పొంగి రోడ్డు కోసేసింది. డ్రైవరు వెనక్కి తిప్పుతానన్నాడు. నేను దిగిపోయాను. కవరును ఎరువుల బస్తాలోని ప్లాస్టిక్ సంచిలో చుట్టి, తువ్వాలుతో నెత్తికి కట్టుకున్నాను. ఈ గట్టు నుంచి ఆ గట్టుకి ఎవరో తాడు కట్టారు. గుండెల దాకా నీళ్లు. తాడు పట్టుకుని దాటాను. తరవాత నడిచాను. పెద్దరోడ్డు ఎక్కి లారీ దొరికేసరికి మధ్యాహ్నం మూడు దాటింది.

విశాఖపట్నంలో యూనివర్సిటీ ఆఫీసు చేరేసరికి సాయంత్రం ఆరున్నర. తలుపులకు తాళం. సంచి విప్పి కవరు చూసుకున్నాను. చుక్క నీరు తగలలేదు. ఆ రాత్రి అక్కడే వరండాలో పడుకున్నాను.

మంగళవారం పొద్దున్న గుమాస్తా గారు వచ్చారు. కవరు విప్పి, అప్లికేషను మీద ఆఖరి తేదీ చూశారు.

"నిన్నటితో అయిపోయింది కదండీ. ఎక్కడి నుంచి?"

"నర్సీపట్నం అండి."

"అయ్యో, నిన్న అక్కడే రిజిస్టరు పోస్టు చేసి ఉంటే ఎప్పుడొచ్చినా తీసుకునేవాళ్లం. మాకు ముద్ర తేదీ లెక్క. చేత్తో ఇస్తే మాత్రం ఇచ్చిన రోజే లెక్క." వెనక పేజీ తీసి, కింద ఒక వరస మీద ఎర్ర పెన్సిలుతో గీత గీశారు. "ఇదిగో, ఇందులోనే ఉంది."

నా మీద జాలిపడి పెద్ద ఆఫీసరు గదిలోకి వెళ్లి అడిగారు కూడా. బయటికి వచ్చి తల అడ్డంగా ఊపారు. గెడ్డ దాటి వచ్చానని చెప్పాలనిపించింది. నోటి దాకా వచ్చింది. చెప్పలేదు. దండం పెట్టి వచ్చేశాను.

ఇల్లు చేరేసరికి సాయంత్రం. కరుణ గుమ్మంలోనే ఉంది. నా చేతిలో కవరు చూసింది. కవరు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

జరిగిందంతా చెబితే సువర్ణమ్మ ఏడుస్తూ నా మీద పడింది. "పేణం మీదకు తెచ్చుకుని ఎల్లారు గదా, ఆ ముక్క సెప్పడానికి నోరు లేదేటండీ? పిల్ల పోస్టాఫీసు ముందు నిలబడి మొత్తుకుంది గదా!"

సంగతి విని పాస్టరు గారు వచ్చారు. "దేవుడి చిత్తం అనుకో. ఆయనకి ఇంకో ఆలోచన ఉంటుంది," అన్నారు.

"దేవుడి మీద ఎట్టకండి అయ్యగారూ. పిల్ల సెప్పింది. నేను ఇనలేదు," అన్నాను. ఆయన ప్రార్థన చేయకుండానే లేచి వెళ్లారు.

మర్నాడు పొద్దున్న కరుణ పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. కళ్లు వాచిపోయి ఉన్నాయి. నేను వెళ్లి ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

"అమ్మా, ఆ కాగితంలో ఏటుందో మొత్తం సదువు. తెలుగులో సెప్పు."

"ఇప్పుడెందుకు నాన్నా?"

"సదువు."

తెచ్చి చదివింది. తన పేరు, పుట్టిన తేదీ, మార్కులు. తండ్రి పేరు జీవరాజు, వృత్తి తాపీ పని. తండ్రి చదువు అన్నచోట మూడో తరగతి అని రాసింది. వెనక పేజీ తిప్పింది. ఒక్కొక్క వరసా తెలుగులో చెబుతూ కిందికి వచ్చి, ఎర్ర గీత ఉన్నదాన్ని వదిలేసి తరవాతి దానికి వెళ్లిపోయింది.

"అది వదిలేశావు," అన్నాను.

కరుణ తల ఎత్తలేదు.

"అదీ సదువమ్మా."

చదివింది. ఇంకోసారి చదవమన్నాను. మళ్లీ చదివింది. నేను చివరిదాకా విన్నాను. తరవాత లేచి, తాపీ పట్టుకుని పనికి వెళ్లాను.