పెట్టె కూత

రిబ్కమ్మ చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. ఎదురుగా కూతురు స్తుతి చాప మీద మూడు డిస్కులు వరుసగా పెట్టుకుని కూర్చుంది. పాడైన డిస్కుల్లోంచి ఫైళ్లు తీసివ్వడమే కరీంనగర్‌లో ఆమె పని. ఎవరెవరివో పెళ్లి ఫొటోలు అలా తీసిచ్చింది. ఇప్పుడు అడుగుతున్నది తల్లి. ఆదివారం చనిపోయిన తండ్రి, బాపు జ్ఞాపకార్థ కూడిక. ఆ రోజు అందరికీ ఆయన గొంతు వినిపించాలి.

బాపు యెషయా ఆసిఫాబాద్ వైపు ఊళ్లలో కంజీర పట్టుకుని, తాను కట్టిన కీర్తనలు పాడుతూ తిరిగినవాడు. కొడుకు బెన్నీ ఆ పాటల కాసెట్లన్నీ, ఈ డిస్కులు పట్టే కంప్యూటర్ పెట్టె ఒకటి కొని దానిలోకి ఎక్కించాడు. బూజు పట్టిన కాసెట్లను పారేశారు. పెట్టెలో మూడు డిస్కులు. ఒకటి పోయినా మిగతా రెండూ అంతా కాపాడతాయి. రెండోది కూడా పోతే ఏమీ మిగలదు. పోయిన రెండూ హైదరాబాదు దాకా వెళ్లి, చేసేదేమీ లేదన్న మాటతో నిన్ననే తిరిగొచ్చాయి.

పెట్టె అమ్మినవాడు మోసం చేశాడని బెన్నీ పొద్దుటి నుంచి తిడుతూనే ఉన్నాడు. స్తుతి, పెట్టె తనలో రాసి పెట్టుకున్న తేదీల చిట్టా ల్యాప్‌టాప్‌లో తెరిచింది.

"మొదటి డిస్కు నిరుడు మార్చి పన్నెండున పోయింది. పెట్టె కూయబట్టింది. పదమూడున ఎవరో కూత బందు చేసిండ్రు. రెండోది పోయిన నెల పోయింది. నడుమ ఏడాది ఉండె అన్నా. ఒక్క కొత్త డిస్కు ఏస్తే అన్నీ దక్కుతుండె."

రిబ్కమ్మ చెయ్యి చేటలో ఆగింది. ఆ వారం యెషయా ఇదే గదిలో మంచాన ఉన్నాడు. కునుకు పట్టినప్పుడల్లా బీరువా మీది పెట్టె కుయ్యిమనేది. ఆయన ఉలిక్కిపడి లేచేవాడు.

"గా లొల్లి బందు చెయ్యుమన్నది నువ్వే గదనే అవ్వా," అన్నాడు బెన్నీ తల్లితో. "బాపుకు నిద్ర పడతలేదంటివి."

ఆమె ఒక వడ్లగింజ ఏరి పక్కన పెట్టింది. "అయితే ఆయన గొంతు నేనే బందు చేయించిననా?"

కూతకు అర్థం తల్లికి తెలియదు. అన్నకు తెలుసు. పెట్టె కూస్తే ఒక డిస్కు పోయినట్టేనని, వెంటనే తనకు ఫోన్ చేయమని కొన్న రోజే స్తుతి చెప్పింది. కూత ఆపాడు, ఫోన్ చేయలేదు. ఆ మాట అతని నోటి నుంచే రావాలని స్తుతి అన్న ముఖం చూస్తూ ఆగింది. అన్న ఫోన్ చూసుకుంటున్నాడు.

సగం ఏరిన బియ్యం పక్కకు జరిపి రిబ్కమ్మ లేచింది. కొంగు తల మీదికి లాక్కుంది. తప్పు నీది కాదని చెప్పడానికి స్తుతి నోరు తెరిచేసరికి తల్లి గడప దాటి వెళ్లిపోయింది.