విలువలేని వస్తువు

నేను ఒక మోకును. తాటిచెట్లు లేని ఊళ్లవాళ్లకు నా పేరు తెలియకపోవచ్చు, అందుకని చెబుతున్నాను. కల్లు గీసే మనిషి తన నడుమునూ చెట్టునూ కలిపి ఒక తాడు చుట్టుకుంటాడు. ఎక్కుతున్నంతసేపూ దాన్ని పైకి జరుపుకుంటూ పోతాడు. మట్టల దాకా చేరాక వెనక్కి ఒరిగి, ఒంటి బరువంతా దాని మీద వేసి, రెండు చేతులూ వదిలేసి గెల గీస్తాడు. ఆ తాడే నేను.

నన్ను పేనినవాడు లచ్చయ్య. మూసీకి అవతల ఊరు. చెట్టెక్కే వయసు దాటాక మోకులు పేనుకుంటూ బతికాడు. నార నానబెట్టి, పేని, నడుము ఆనేచోట తోలు కుట్టాడు. ముత్యాలు నన్ను తీసుకుపోవడానికి వచ్చిన రోజు వెంటనే చేతికివ్వలేదు. వాకిట్లో వేపకొమ్మకు కట్టి తానే నా మీద వేలాడాడు. ఆ వయసులో కాళ్లు మడిచి ఊగుతున్న మామను చూసి కోడలు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"నవ్వకు బిడ్డా. తెగితే నేను పడాలె, ఆ పిలగాడు పడొద్దు," అన్నాడు లచ్చయ్య.

ముత్యాలుకు అప్పుడే పెళ్లయింది. భార్య పేరు అండాలు. అతను గీసిన కల్లును ఆమె తాటిచెట్ల కింద కూర్చుని పోసేది. పొద్దునా సాయంత్రం నేను అతని నడుముకు ఉండేదాన్ని, మిగతా వేళల్లో వాళ్ల ఇంటి చూరుకు వేలాడేదాన్ని. చెట్టుమీద నుంచి అతను ఊరంతా చూసేవాడు. ఎవరి పొలంలో మోటరు ఆగిపోయింది, ఎవరి బర్రె తాడు తెంపుకుని చేలో పడింది, దిగిరాగానే వెళ్లి చెప్పేవాడు. ఊరివాళ్లు దాన్ని మంచితనం అనేవారు. మనుషులు మంచితనాన్ని ఎంత త్వరగా మరో పేరుతో పిలవగలరో అప్పటికి నాకు తెలియదు.

కాంట్రాక్టర్ రాజలింగం ఇంట్లో నగలు పోయాయి. ఆ ఇంటి వెనకే ముత్యాలు ఎక్కే చెట్లు ఉన్నాయి. "చెట్టు మీదికెళ్లి మా ఇల్లంతా కనపడ్తది గదా సార్," అన్నాడట రాజలింగం. ఆ ఒక్క మాట సరిపోయింది. జీపు వచ్చి చెట్టు కింద ఆగేసరికి మేమింకా పైనే ఉన్నాం.

"దిగురా," అన్నారు కిందినుంచి.

దిగాడు. నన్ను విప్పుకోనివ్వలేదు. అలాగే జీపెక్కించారు. కల్లు నిండిన లొట్టి చెట్టుకే ఉండిపోయింది.

పోలీస్ స్టేషన్లో మధ్యాహ్నం, ఉక్కపోత. ఎస్సై భోంచేసి వచ్చాడు. వయసులో ముత్యాలు కంటే చిన్నవాడు. అడిగాడు, ముత్యాలు తెలియదన్నాడు. మళ్లీ అడిగాడు, మళ్లీ తెలియదన్నాడు. ఎస్సై విసుగ్గా తాడు తెమ్మన్నాడు. స్టోర్‌రూమ్ తాళం చెవి ఎక్కడుందో ఎవరికీ గుర్తురాలేదు.

"ఇగో, ఆని నడుముకే ఉంది గదా," అన్నాడు ఎస్సై.

కట్టమని చెప్పింది కానిస్టేబుల్ పెంటయ్యకు. సాయంత్రాలు తాటిచెట్ల కిందికి వచ్చి, అండాలును చెల్లె అని పిలిచి, ఆకుదొప్పలో కల్లు తాగి పోయే పెంటయ్యే. అతను ముత్యాలు రెండు చేతులూ వెనక్కి విరిచి నాతో కట్టాడు. నా రెండో కొస పైనున్న ఇనుప దూలం మీదుగా వేశాడు.

"పెంటన్నా, నువ్వన్న చెప్పరాదే. నేను గసొంటోన్నా?"

"జరంత ఓర్సుకోరా," అన్నాడు పెంటయ్య, ముఖం గోడవైపు తిప్పుకుని. తర్వాత లాగాడు.

ముత్యాలు పాదాలు నేల వదిలాయి. అతని బరువు నాకు కొత్త కాదు. కానీ ఆ బరువు ఎప్పుడూ నడుమున ఉండేది. ఇప్పుడది వెనక్కి మెలితిరిగిన భుజాల మీద పడింది. అరికాళ్ల మీద లాఠీ పడినప్పుడల్లా నేను ఊగాను. అరిచాడు. తర్వాత అరవలేకపోయాడు. భుజంలో ఏదో తప్పిన చప్పుడు నాకు తెలిసింది, గదిలో మరెవరికీ వినబడలేదు. తెగకుండా పేనాడు లచ్చయ్య నన్ను. తెగలేదు.

నగలు తీసింది రాజలింగం బావమరిది అని ఆ వారంలోనే తేలింది. అది ఇంటివిషయం కాబట్టి కేసు వద్దన్నారు. ముత్యాలును వదిలేశారు. నన్ను అతని మెడలో వేసి పంపారు.

పెద్దాసుపత్రి డాక్టరు భుజాలు చూశాడు, పాదాలు చూశాడు.

"చెట్టు మీదికెళ్లి పడ్డవని రాస్త. నీకూ మంచిది, నాకూ మంచిది," అన్నాడు.

"చెట్టు మీదికెళ్లి నేను ఎన్నడూ పడలే సార్," అన్నాడు ముత్యాలు.

ఆ తర్వాత అతని చేతులు ఛాతీ దాటి పైకి లేవలేదు. అండాలే అన్నం కలిపి పెట్టేది, చొక్కా తొడిగేది. వాళ్ల చెట్లు వేరేవాళ్లు గీశారు. ముత్యాలు చూరు వైపు చూడటం మానేశాడు. ఒకరోజు అండాలు నన్ను తీసి సంచిలో పెట్టుకుని, అతన్ని వెంటపెట్టుకుని జిల్లా కోర్టుకు పోయింది.

అక్కడ శమంత అనే వకీలు వాళ్ల మాట విన్నది. మధ్యలో ఒక్కసారి కూడా ఫోను చూసుకోలేదు. విన్నాక నన్ను బల్లమీద పెట్టించి, తోలుపట్టీ మీద చేయివేసి చూసింది.

"అబద్ధం చెప్పను అండాలూ. కొడితే గాయం అని ఒక సెక్షన్ ఉంది. నేరం ఒప్పించనీకి కొడితే ఇంకో సెక్షన్ ఉంది. అది కూడా గాయం లెక్కనే. చిత్రహింస అనే నేరం మన చట్టంలో లేదు."

"లేకపోవుడేందమ్మా? ఈయన చేతులు చూడు!"

"చూసిన. ప్రపంచంలో దేశాలన్నీ కూసోని ఒక ఒప్పందం రాసుకున్నయి. పోలీసైనా, ఇంకెవరైనా సరే, సర్కారు మనిషి ఒకణ్ని చిత్రహింస పెడితే, దాన్ని ప్రతి దేశం తన చట్టంలో పేరు పెట్టి నేరమని రాయాలె. చేసినోణ్ని విచారించాలె. మనోళ్లు కూడా పోయి సంతకం పెట్టిన్రు. పెట్టి పాతికేండ్లు దాటింది. ఆ మాట ఖాయం చెయ్యలే, చట్టం తేలే."

అండాలు బల్లమీద ఉన్న నన్ను తన వైపు లాక్కుంది.

"సంతకం పెట్టి మాట తప్పినోళ్ల మీద కేసు ఏసే జాగ యాడా లేదా?"

"మిగతా దేశాలు మీటింగుల అడుగుతయి, ఎప్పుడు చేస్తరని. మనోళ్లు పరిశీలనలో ఉందంటరు."

"గంతేనా?"

"గంతే," అన్నది శమంత. అయినా కేసు వేసింది.

నేను సాక్ష్యమయ్యాను. నా కొసకు అట్టముక్క కట్టి దాని మీద అంకె రాశారు. మేజిస్ట్రేటు ముందు ముత్యాలు నిలబడినప్పుడు బెంచి గుమాస్తా కసిరాడు, "కోర్టుకు దండం పెట్టవా?" అని. ముత్యాలు చేతులు ఎత్తబోయాడు. కడుపు దగ్గరే ఆగిపోయాయి. మేజిస్ట్రేటు తల దించుకుని కళ్లద్దాలు తుడుచుకున్నాడు. మంచివాడే. మంచివాళ్లను నేను కోర్టులో చాలామందిని చూశాను. వాళ్లందరి చేతుల్లోనూ ఏమీ ఉండదు.

పెంటయ్య వస్తాడని ఎవరూ అనుకోలేదు. అప్పటికి రిటైరయ్యాడు, కాలు లాగుతూ నడుస్తున్నాడు. అండాలు అతని ఇంటికి పోయి ఏమడిగిందో నాకు తెలియదు. వచ్చాడు. బోనెక్కి నన్ను చూపించాడు.

"దీంతోనే కట్టిన. నేనే గుంజిన. ఎస్సై సారు చెప్పిండు. ఆయినె కొట్టిండు. ఈ పిలగాడు దొంగ కాదని నాకు ఎరుకే."

బయటికి వచ్చాక వరండాలో అండాలు, "అన్నా, నీ పిల్లలు సల్లగుండాలె," అని ఏడ్చింది. పెంటయ్య ముత్యాలు కళ్లలోకి చూడలేక మెట్లు దిగి పోయాడు. ఆరోజు ముత్యాలు భార్యను చాయ్ తాగుదామని అడిగాడట. ఎన్నో ఏళ్లకు తనంతట తాను ఏదో కావాలన్నాడని, ఆమె శమంతకు మళ్లీ మళ్లీ చెప్పింది.

కానీ సర్కారు మనిషి మీద విచారణ నడవాలంటే సర్కారే అనుమతి ఇవ్వాలి. శమంత అడిగింది. చాలాకాలం జవాబు లేదు. హైకోర్టుకు పోయి జవాబు చెప్పమని ఆర్డరు తెచ్చింది. అప్పుడు జవాబు వచ్చింది. నేరపరిశోధన పోలీసు విధి, అది విధి నిర్వహణలో జరిగిన పని, అనుమతి నిరాకరించడమైనది. ఎస్సై అప్పటికి డీఎస్పీ. పెంటయ్య చెప్పిన నిజం అబద్ధమని ఎవరూ అనలేదు. నిజమేనన్నట్టే ఉంచి, పక్కన పెట్టేశారు.

మేజిస్ట్రేటు ఆర్డరు చదివాడు. ఫిర్యాదు కొట్టివేయడమైనది. సాక్ష్యంగా దాఖలైన తాడు విలువలేని వస్తువు కాబట్టి అప్పీలు గడువు ముగిశాక ధ్వంసం చేయాలి.

"ధ్వంసమంటే ఏందమ్మా?" అని అడిగాడు ముత్యాలు.

"కాలుస్తరు," అన్నది శమంత. "కాల్చొద్దంటే అడుగుదాం. పై కోర్టుకు కూడా పోదాం."

"ఒద్దు. ఇగ తిప్పకు మమ్మల్ని."

అండాలు భర్త ముఖం చూసింది. అతని చొక్కా గుండీ ఊడిపోతే అక్కడే నిలబడి పెట్టింది. ఇద్దరూ బస్టాండు వైపు వెళ్లారు. నా వైపు ఎవరూ తిరిగి చూడలేదు. చూడాలని నేనూ కోరుకోలేదు.

ఇప్పుడు కోర్టు వెనక సామాను గదిలో ఉన్నాను. గడువు తీరిపోయింది. ఈరోజు అటెండరు కాల్చాల్సినవాటిని గోనెసంచిలో వేస్తున్నాడు. అంతలో ఒక ముసలామె గుమ్మంలోకి వచ్చింది. చేతిలో మడతపెట్టిన ఆటోడ్రైవర్ ఖాకీ చొక్కా ఉంది. వీపు భాగం నెత్తురు ఎండి నల్లగా గట్టిపడింది. ఏ స్టేషన్ అని అటెండరు అడిగితే చెప్పింది. ముత్యాలును తీసుకుపోయిన స్టేషనే.

"నా కొడుకుది సారూ. పైలంగ పెట్టున్రి. కేసు గెలిచినంక నాకు ఇయ్యాలె."

"సాక్ష్యం గదమ్మా, యాడికి పోదు," అన్నాడు అటెండరు.

అరమీద చోటు లేదు. అతను నన్ను తీసి సంచిలో వేశాడు. ఖాళీ అయిన చోట దుమ్ము దులిపి, ఆ చొక్కాను జాగ్రత్తగా పెట్టాడు. ముసలామె రెండు చేతులూ ఎత్తి అతనికి దండం పెట్టింది.